ఇత్తడి గిన్నెలో టేపు చుట్ట

ఆ రోజుల్లో మాకు భయపడడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, పైఅధికారి దగ్గితే చాలు. అందులోనూ నేను ప్రొబేషన్లో ఉన్న గుమాస్తాని, పైగా బ్యాంకు వాళ్ళు తీసుకెళ్ళి కంప్యూటరు సెక్షన్లో వేశారు. కంప్యూటరంటే ఇప్పటిలా ఒళ్ళో పెట్టుకునేది కాదు. నాలుగు బీరువాలంత యంత్రం. మెయిన్‌ఫ్రేమ్ అనేవారు. రాజమండ్రిలో ఒక చల్లటి గదిలో ఉండేది, చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళాలి. ప్రపంచంలోని పెద్ద పెద్ద బ్యాంకులన్నీ ఇలాంటి వాటి మీదే నడుస్తున్నాయని మా ఆఫీసరు గారు చెబుతుంటే, ఆ బ్యాంకులన్నీ నా నెత్తిమీదే ఉన్నట్టు గుటకలు మింగేవాణ్ణి. మా నిడదవోలు ఆఫీసులో చుట్టుపక్కల బ్రాంచీల ఖాతాలన్నీ టేపు చుట్ట మీదకి ఎక్కించి, వారం వారం బస్సులో ఆ రాజమండ్రి యంత్రం దగ్గరికి పంపేవారు. తీసుకెళ్ళే ఆయనకి జ్వరం వచ్చి, ఒక వారం ఆ పని నా మెడకి చుట్టుకుంది.

"అయస్కాంతం సోకిందంటే మొత్తం తుడిచిపెట్టుకుపోతుందోయ్. మళ్ళీ మొదట్నుంచీ కొట్టాలి. నీ ప్రొబేషనూ మొదట్నుంచే," అన్నారు ఆఫీసరు గారు. ఆయనకి ఇనుమంటేనే అనుమానం (మా సెక్షన్లో చాటుగా ఆయన పేరు అయస్కాంతం గారు). టేపు పెట్టె పగిలిపోవడంతో ఇంటి నుంచి ఇత్తడి గిన్నె తెప్పించి, చుట్టని అందులో పెట్టి, దుమ్ము పడకుండా కొత్త తెల్లగుడ్డతో మూతి కట్టారు. "ఎక్కడా కింద పెట్టకు. లోపల ఏముందో ఎవరికీ చెప్పకు," అని మరీ మరీ చెప్పారు. ఈ సంగతి రెండు రోజుల ముందే తెలిసిన పుణ్యాన నాకు నిద్ర లేదు, గడ్డం గీసుకునే ధ్యాసా లేదు.

బస్సులో సీటు దొరికిందని సంతోషించేలోపే చాగల్లులో మైకుసెట్టు ఆయన ఎక్కి, రెండు పెద్ద స్పీకర్లు నా కాళ్ళ దగ్గర దించాడు. "వీటిలో అయస్కాంతం ఉంటుందాండీ?" అన్నాను. "ఎందుకుండదండీ! చూడండి," అంటూ జేబులోంచి తాళంచెవి తీసి దగ్గర పెట్టాడు. ఠక్కున అతుక్కుంది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. గిన్నె గుండెలకి హత్తుకుని బస్సు చివరికి పరిగెత్తాను.

అక్కడ ఒక మామ్మగారు జరిగి చోటిచ్చారు. "కూర్చో బాబూ, అది కింద పెట్టు."

"పెట్టకూడదండీ."

ఆవిడ తెల్లగుడ్డ చూశారు, నా గడ్డం చూశారు, ఎర్రబడ్డ కళ్ళు చూశారు. "నాన్నగారా, నాయనా?" అని మెల్లగా అడిగారు. (మా నాన్నగారు ఆ సమయానికి నిక్షేపంగా నారుమడిలో ఉన్నారు.) చెప్పకూడదు కదా, తల దించుకున్నాను. భయానికి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. దాంతో బస్సంతా నా వైపు తిరిగింది. మైకుసెట్టు ఆయన లేచి, "ఇలా వచ్చి కూర్చోండి బాబూ," అని స్పీకర్ల పక్కనే తన చోటు చూపించాడు. నేను వెనక్కి తగ్గితే, "పాపం, చిన్నవయసు," అన్నారెవరో.

కొవ్వూరులో కండక్టరు రేవు దగ్గర బస్సాపించాడు. "నేను రాజమండ్రి వెళ్ళాలండీ," అన్నాను. "రేవు ఇక్కడే ఉంది కదయ్యా, కొత్త కదా, తెలీదు పాపం," అంటూ మామ్మగారు నా మోచెయ్యి పట్టుకుని దింపేశారు. మెట్ల మీదే ఒక పురోహితుడు గారు ఎదురొచ్చి, "ఇలా ఇవ్వు నాయనా. గోత్రం ఏంటి?" అని గిన్నె మీద చెయ్యి వేశారు. ముడి వదులవుతోంది. కింద గోదావరి ఎర్రగా సుడులు తిరుగుతోంది. బ్రాంచీలు, ఖాతాలు, నా ఉద్యోగం అన్నీ కలిసి సముద్రం వైపు కొట్టుకుపోవడం కళ్ళకి కట్టింది.

"ముట్టుకోకండి! ఇందులో మా బ్యాంకు ఖాతాదారులందరూ ఉన్నారండీ!" అని అరిచాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. మామ్మగారు గుండెల మీద చెయ్యి వేసుకుని, "అందరూనా! ఏం ప్రమాదం జరిగింది నాయనా?" అన్నారు.

నేను రోడ్డు మీదకి పరిగెత్తి, వచ్చిన బస్సెక్కేశాను. రాజమండ్రిలో చల్లటి గది గుమ్మం దగ్గర, "చెప్పులు విప్పండి," అన్నాక చూసుకుంటే కాళ్ళకి చెప్పులే లేవు, రేవులో ఉండిపోయాయి. ఆపరేటరు మేడం టేపు ఎక్కించారు. చక్రం కదిలింది. నా గుండె మాత్రం ఆగింది. "అందరూ ఉన్నారాండీ?" అన్నాను. "ఉన్నారు, మీరు కాస్త కూర్చోండి," అన్నారావిడ. సాయంత్రం ఇంట్లో ఈ కథంతా చెబితే మా నాన్నగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "అయితే నన్ను గోదాట్లో కలిపేద్దామనుకున్నావన్నమాట!" తర్వాత ఎవరు ఇంటికొచ్చినా ఆయనే చెప్పి నవ్వించేవారు. నా ఉద్యోగం ఖాయమైంది, టేపులూ ఆ బీరువాలూ ఎప్పుడో పోయాయి.

నిరుడు నాన్నగారు పోయారు. తెల్లగుడ్డ కట్టిన ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కార్లో అదే కొవ్వూరు రేవుకి వెళ్తున్నాం. నా మోకాలి పక్కనే తలుపులో స్పీకరు కనబడింది. నాకు తెలియకుండానే గిన్నె రెండు చేతులా ఎత్తి ఇవతలికి జరిగాను.

"ఏంటండీ?" అంది మా ఆవిడ.

"ఏం లేదు, తుడిచిపెట్టుకుపోతారేమోనని," అన్నాను. ఆ కథ తనకీ నాన్నగారే చెప్పారు. ఇద్దరం నవ్వేశాం, ఆ నవ్వులోనే నాకు ఏడుపొచ్చింది. రేవు వచ్చేదాకా గిన్నె కింద పెట్టలేదు.