సండూరు కొండల్లో రెండు రోజుల తృప్తి

మా అక్క రత్నమ్మ ఆరాధనలో ఏడుస్తోందని వాళ్ళ సంఘం పెద్దలకు ఇబ్బందిగా ఉందట. బావ పోయి ఇంకా ఏడాది కూడా కాలేదు. హచ్చొళ్ళిలో వాళ్ళ చర్చి చిన్నది. ఎవరు కళ్ళు తుడుచుకున్నా పాస్టరుగారికి కనబడుతుంది. ఆయన ఎంత ఆనందంగా ప్రసంగిద్దామన్నా ఎదురుగా అక్క మొహమే. పెద్దలు కూడి ఆలోచించి, సండూరు దగ్గర జరిగే ఒక శిబిరానికి ఆమెను పంపాలని తీర్మానించారు. దాని కరపత్రం మీద ‘బ్రతుకుకు అర్థం, మనసుకు తృప్తి – రెండే రోజుల్లో’ అని పెద్ద అక్షరాలతో ఉంది. నాకు బళ్ళారి బజారులో రెడీమేడ్ బట్టల దుకాణం ఉంది. పండగ సేల్ ముందు ఇలాంటి మాటలు నేనూ అచ్చు వేయిస్తుంటాను. అందుకే సరుకు మీద అనుమానం వచ్చి, తోడుగా బయల్దేరాను.

శుక్రవారం పొద్దున అక్క సిరుగుప్ప మీదుగా వచ్చి బళ్ళారి బస్టాండులో దిగింది. ఆమె హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. చీర కుచ్చిళ్ళలో ఆ హోదా ఇంకా అలాగే ఉంది. బస్టాండు ఎదుట హోటల్లో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆమె సగం వదిలేసింది. ఏడున్నరకు సండూరు బస్సు దొరికింది. ఆ దారిన వెళ్ళేవారికి ఒక మాట: తోరణగల్లు దాటాక కిటికీ మూసుకోండి. ఇనుప ఖనిజం లారీలు ఎదురైనప్పుడల్లా ఎర్ర దుమ్ము లోపలికి కొడుతుంది. తెల్లచొక్కా వేసుకున్న నేను, దిగేసరికి మిరపకాయల గోదాంలో కూలికి పోయినవాడిలా తయారయ్యాను.

మా పక్కన కూర్చున్నాయన దోణిమలై గనిలో పనిచేస్తాడు. ఎక్కడికని అడిగితే, తృప్తి నేర్చుకోవడానికి సండూరు పోతున్నామని, రెండు రోజులు నేర్పుతారని చెప్పాను.

“రెండే దినాలా? మాకు యూనియన్ మీటింగ్‌కే మూడు దినాలు పడ్తాదప్పా” అన్నాడు.

సండూరు నుంచి ఆటోలో యశ్వంతనగర్ వైపు వెళ్ళాం. శిబిరం ఒక కల్యాణమంటపంలో పెట్టారు. ఆడవాళ్ళకు హాల్లో పరుపులు, మగవాళ్ళకు భోజనాల గదిలో చాపలు, బెంగళూరు నుంచి పొడవాటి తెల్లకారులో వచ్చిన ప్రసంగికుడికి మేడ మీద ఏసీ గది. మధ్యాహ్నం చపాతీ, గుత్తివంకాయ, పెరుగన్నం పెట్టారు. వంట గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ రోజు కరపత్రంలో చెప్పకుండా ఇచ్చింది, చెప్పినదానికంటే బాగున్నది అదొక్కటే.

భోజనాలయ్యాక మొదటి ప్రసంగం. కొంచెంతోనే సరిపెట్టుకోవడం ఎంత గొప్పదో ఆయన మంచి గొంతుతో చెప్పాడు. సంతృప్తి గురించి బైబిల్లో అపొస్తలుడు రాసింది సంకెళ్ళతో జైల్లో కూర్చుని అని కూడా గుర్తుచేశాడు. అక్కడే కరెంటు పోయింది. జనరేటరు వెంటనే అందుకోలేదు. ప్రసంగికుడు మైకు పక్కన పెట్టి, వేదిక మీదనే నిర్వాహకులను తిట్టాడు. ఫ్యాన్ లేని చోట మనిషన్నవాడు ఎలా మాట్లాడతాడని అడిగాడు. ఆ జైల్లో ఫ్యాన్లు ఉండేవేమోనని అక్క చెవిలో అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం కొండల వైపు కొంతదూరం నడిచాం. వానలకు పచ్చబడ్డ కొండలు, మధ్యలో గని తవ్విన చోట పచ్చిపుండులా ఎరుపు. దారి పొడుగునా నేను ప్రసంగికుడిని అనుకరిస్తూ నవ్వించాలని చూశాను. ఆమె తన ఆలోచనలో తానుంది.

శనివారం పొద్దున సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ వేదిక మీదికి వెళ్ళి ‘నేను తృప్తిగా ఉన్నాను’ అనాలి. కింద అందరూ హల్లెలూయా అనాలి. ప్రసంగికుడి చానెల్ కోసం వీడియో తీస్తున్నారు. ముందుగా ఒక గనుల కాంట్రాక్టరు వెళ్ళాడు. గనులు జోరుగా నడిచినప్పుడు ఎంత వచ్చినా చాలేది కాదట. ఇప్పుడు హోస్పేటలో ఒక ఇల్లు, బళ్ళారిలో ఒక ఇల్లు, వీటితోనే సరిపెట్టుకుంటున్నాడట. అలా సరిపెట్టుకునే అవకాశం నాకూ ఇమ్మని మనసులోనే ప్రార్థించాను. ఆయన భార్య విజయమ్మ మా ముందు వరుసలో కూర్చుని ఉంది. అందరూ హల్లెలూయా అన్నప్పుడు ఆమె పెదవులు కదల్లేదు.

తర్వాత అక్కను పిలిచారు. ఆమె మైకు అందుకుని కళ్ళజోడు సర్దుకుంది.

“లేదప్పా, నేను తృప్తిగా లేను” అంది. “కాపురం చేసిన మనిషి పోయినాడు. ఇల్లంతా బేజారుగా ఉండాది.”

ప్రసంగికుడు చిరునవ్వు చెదరకుండా, అది శరీరం పలికే మాటనీ, విశ్వాసంతో మళ్ళీ చెప్పాలనీ బతిమాలాడు.

“విశ్వాసం ఉండాది గాబట్టే నిజం చెప్తాండా. దినామూ దేవునితో కొట్లాడతాండా, ఆయన వింటాండాడు. స్నేహితుని సమాధి కాడ ప్రభువే ఏడ్చినాడు గదప్పా. ఆయన్ని ఎవురూ శిబిరానికి పంపలే.”

ప్రసంగికుడు కెమెరా ఆపమని సైగ చేసి, ఈ సహోదరిని దుఃఖపు ఆత్మ పట్టి ఉందని ప్రకటించాడు. నలుగురైదుగురు వలంటీర్లు చుట్టూ చేరి, తల మీద చేతులు పెట్టి అరుస్తూ ప్రార్థించసాగారు. ఆ తోపులాటలో అక్క కళ్ళజోడు ఒక చెవి నుంచి జారి వేలాడింది. అంతవరకు నేను, తిరిగి వెళ్ళాక దుకాణంలో ఎలా చెప్పి నవ్వించాలా అని ఒక్కొక్కటీ మనసులో పేర్చుకుంటున్నాను. ఆ కళ్ళజోడు చూడగానే అన్నీ పోయాయి. వేదిక ఎక్కి, “మా అక్క మీది నుంచి చేతులు తియ్యండి” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాళ్ళు తీశారు.

అప్పుడు ముందు వరుసలో విజయమ్మ లేచి నిలబడింది. మైకు లేదు గానీ అందరికీ వినబడింది.

“నాకూ తృప్తి లేదు. మా పాప పోయింది. ఈయప్ప యాడికి పోయినా మేం తృప్తిగా ఉండామని మైకులో చెప్తాడు. ఇంట్లో పాప పేరు గూడ ఎత్తనియ్యడు.”

కాంట్రాక్టరు కూర్చోమని చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె కూర్చోలేదు. ప్రసంగికుడు గడియారం చూసుకుని టీ విరామం ప్రకటించాడు. మనుషులు బావురుమన్న చోట ఇంత చక్కగా టీ ఏర్పాటు చేయగలిగేది మన సంఘాలే.

టీ తర్వాత ‘బ్రతుకుకు అర్థం’ మీద ప్రసంగం. నేను వినలేదు కాబట్టి పాఠకులకు ఆ అర్థం చెప్పలేను. అక్క, విజయమ్మ వంటగది వెనుక మెట్ల మీద కూర్చుంటే, నేను పక్కనే నిలబడ్డాను. విజయమ్మ తన కూతురు గురించి చెబుతోంది. ఏ పాట పాడేదో, ఏ కూర ముట్టేది కాదో, ఆసుపత్రిలో ఏమడిగిందో, అన్నీ. అక్క బావ గురించి చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు, మధ్యలో ఒకసారి నవ్వారు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు హాల్లోంచి లేచి వచ్చి వాళ్ళ పక్కన చేరారు. కాసేపటికి కాంట్రాక్టరు కూడా వచ్చి కొంచెం దూరంలో కింది మెట్టు మీద కూర్చున్నాడు. మైకు లేకపోతే ఈయనకు మాట రాదు కాబోలని ఒక చురక నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. నోరు మూసుకున్నాను. విజయమ్మ లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. అక్క తల వంచుకుని, మాకు మాటలు వినబడనంత చిన్నగా ప్రార్థించింది. ఎవరూ హల్లెలూయా అనలేదు.

మధ్యాహ్నం భోజనం చేసి సండూరులో బస్సు ఎక్కాం. సంఘం వాళ్ళకు ఏం చెబుతావని అడిగాను. జరిగిందే చెబుతానంది. వాళ్ళు ఇంకో శిబిరానికి పంపుతారేమో అన్నాను. ఈసారి చిన్నగా నవ్వింది.

బళ్ళారిలో ఆమెను సిరుగుప్ప బస్సు ఎక్కించాను. ఊరిదాకా తోడు వస్తానంటే వద్దంది.

“ఇంటికి పోతానే ఆయన లేడని మళ్ళా తెలుస్తాది, ప్రకాశా. ఏడుస్తా. దేవునికి చెప్పుకుంటా. లేచి అన్నం వండుకుంటా. నువ్వేం భయపడొద్దు.”

బస్సు కదిలింది. ఆ రెండు రోజుల్లో తృప్తి గురించి నేను చాలా విన్నాను. నాకు నమ్మాలనిపించింది మాత్రం బస్టాండులో, ఆ హారన్ల గోలలో విన్న ఈ మాటలే.