కలిపి నడిపి చూడమన్న అక్క

మా పాత టీమ్ లీడ్ మొన్న ఉదయం గుండెపోటుతో పోయిందని గచ్చిబౌలి ఆఫీసు రోజుల నాటి స్నేహితుడు ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఆఫీసులో మిగతా అందరినీ పేరుపెట్టి పిలిచేవాళ్లం. ఆమె ఒక్కతే మాకు అక్క. నార్సింగి మనిషి. డబ్బాలో తెచ్చిన సర్వపిండి తుంచి మా చేతుల్లో పెట్టాకే తను తినేది. "టెస్టు పాసైందని చెప్పకు, ఏం చేస్తే పాసైందో చెప్పు" అనేది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. నేను కడప నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఒక ఆసుపత్రికి ప్రోగ్రాం రాస్తున్నాం. ల్యాబ్ ఫలితాలను చదివి అర్థం చేసుకోవడానికి ఒక పార్సర్, డాక్టర్లు రాసే మందులను చదవడానికి మరొకటి. ఆ రాతల వ్యాకరణం, అంటే ఏది ఏ వరసలో వస్తుందో రాసిస్తే చాలు, పార్సర్ కోడును ఒక టూలే తయారుచేసి ఇచ్చేది. దేనికది పరీక్షిస్తే రెండూ బాగానే ఉన్నాయి. మర్నాడే ఆసుపత్రిలో వాడకం మొదలు. మేం ఆఖరి పరీక్షలు చేస్తున్న ఆ రోజేమో బంద్.

"రెండూ కలిపి ఒక్కసారి నడిపి చూడు తమ్మీ," అంది అక్క.

నడిపాను. ఒక రోగి చక్కెర ఫలితం ఇంకొకరి ఇన్సులిన్ మోతాదుగా తెరమీద కనబడింది. రెండింటినీ ఒకే టూల్ తయారుచేసింది కాబట్టి లోపల అంకెలు దాచుకునే చోట్ల పేర్లన్నీ ఒకటే. ఒకే ప్రోగ్రాంలో చేరేసరికి, ఒకటి దాచుకున్న అంకెను రెండోది తనదనుకుంటోంది.

అప్పటికే కింద నినాదాలు. బిల్డింగ్ ఖాళీ చేయమని సెక్యూరిటీ వాళ్లు తొందరపెడుతున్నారు. మేనేజర్ గారు బ్యాగు భుజాన వేసుకుని వచ్చారు.

"టెస్టులన్నీ పాసయ్యాయి కదండీ. పంపించేయండి, మిగతాది తర్వాత చూద్దాం."

"పంపను సార్," అంది అక్క. "తప్పు మోతాదు ఎక్కితే మనిషి పోతడు."

"మాటిచ్చామండీ! రేపు మీకే ఇబ్బంది అవుతుంది."

"కానియ్యండి."

ఆయన ఎదుటే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇప్పుడే వాడొద్దని చెప్పేసింది.

తర్వాత రెండు పార్సర్లకూ వేర్వేరు పేర్లు తగిలించి, దేని అంకెలు దాని దగ్గరే ఉండేలా మళ్లీ తయారుచేశాం. ఆ ప్రోగ్రాం ఏళ్ల తరబడి నడిచింది. అక్కకు మాత్రం ఆ ఏడు రావలసిన ప్రమోషన్ రాలేదు. ఆ మాట ఎవరెత్తినా నవ్వి ఊరుకునేది.

బంద్ నాటి ఆ మధ్యాహ్నం ఆఫీసు బస్సులు లేవు. నేనుండేది మూసాపేటలో. "ఎక్కు, దింపుత," అని స్కూటీ తీసింది. కొండాపూర్ దాటాక కొందరు కుర్రాళ్లు అడ్డం నిలబడ్డారు.

"ఏ ఊరు నీది?" అని ఒకడు నన్నడిగాడు.

"నాది నార్సింగి," అంది అక్క. "తెలంగాణ రావాలని నేను గూడ ధర్నాల కూసున్న. ఈ పిల్లగాడు కడపోడు, నా తమ్ముని లెక్క. ఇంటికాడ దింపొస్త, జర జరగుండ్రి."

వాళ్లలో పెద్దవాడు నన్ను ఎగాదిగా చూసి, "పో అక్కా, పైలం," అని పక్కకు తప్పుకున్నాడు.

"నాది గూడా నార్సింగే అని నువ్వు చెప్పుంటే పోయేది గదక్కా?" అన్నాను, బండి కొంచెం ముందుకెళ్లాక.

"అబద్ధమెందుకురా? వాళ్లు గూడ మన పిల్లలే."

మూసాపేటలో నన్ను దింపి వెనక్కి తిరిగింది. మనిషి గానీ బండి గానీ లేని ఆ వెడల్పాటి రోడ్డు మీద ఎర్ర సిగ్నల్ పడింది. అక్క ఆగింది. మండుటెండలో ఒక కాలు నేలకు ఆనించి, పచ్చలైటు వెలిగేదాకా ఒక్కతే అలా ఉండిపోయింది.