మా బావగారి తర్వాత వచ్చిన ముగ్గురు కోచ్‌లు

మొన్న కంకిపాడు నుంచి విజయవాడ వెళ్తుంటే, బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు ఇంగ్లండులోని ఏదో ఫుట్‌బాల్ క్లబ్బు గురించి వాదించుకుంటున్నారు. ఆ క్లబ్బు మేనేజర్ని మళ్ళీ మార్చారట. పోయినవాడు ఒట్టి దండగ, వచ్చినవాడు మొనగాడు, ఈ సీజను మనదే అని ఒకడంటే, వీడు కూడా దసరా దాకా ఉండడని రెండోవాడు. ఇద్దరిలో ఎవరూ ఆ ఊరు చూసి ఉండరు. అయినా ‘మనం’, ‘మనవాళ్ళు’ తప్ప మరో మాట లేదు. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. సగం దారిలోనే దిగిపోయి, వెనక బస్సు కోసం ఎండలో నిలబడ్డాను. ఐదేళ్ళ కిందట నేను అచ్చం ఆ గొంతుతోనే మాట్లాడాను.

అప్పట్లో మా ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టుండేది. పాతికేళ్ళపాటు దాన్ని నడిపించింది మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త. మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాది నల్లరేగడి గ్రౌండు. ఎండాకాలం పాదం ఇరుక్కునేంత నెర్రెలు, వానాకాలం బూటును వదలని బురద. ఏటా వేసవి చివర ఆయనే తట్ట పట్టుకుని ఆ నెర్రెల్లో ఇసుక పోసేవారు. గోలు కాసే గోలీగా నిలబడేవాడు రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ. మిగతావాళ్ళలో ఆటో తోలేవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు, చర్చిలో కీబోర్డు వాయించే ఒకాయన. తెల్లారగట్ల కాలువ గట్టు మీద వాళ్ళని పరిగెత్తించి, ఇంటికి తీసుకొచ్చి అక్కయ్య చేత ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టించేవారు. ఆ ఇల్లంతా ఎప్పుడూ తడిసిన జెర్సీల వాసన, నొప్పుల మందు వాసన. ముందు మన గోల్లో బంతి పడకుండా చూసుకోండి, తక్కిన సంగతి తర్వాత అనేది ఆయన పద్ధతి. ఆ పద్ధతితోనే విజయవాడ లీగులో మూడేళ్ళు వరసగా సెమీఫైనల్ దాకా వెళ్ళాం. మూడుసార్లూ ఓడిపోయాం.

నాది బెజవాడలో గుడ్డల వ్యాపారం. జెర్సీలకి గుడ్డ నేనే ఇచ్చేవాణ్ణి కాబట్టి జట్టు నాదేనన్న భ్రమ ఒకటి నాకుండేది. సాయంత్రాలు మా ఊరి బస్టాండు పక్క టీకొట్టు దగ్గర చేరేవాళ్ళం. మాలో పెద్ద నోరు రిటైరైన రైల్వే గార్డు గారిది. జన్మలో బంతిని తన్నిన మనిషి కాదు గానీ, కోచ్ ఏం చెయ్యాలో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఈ కాలానికి ఈ ఆట చాలదు, కొత్త కోచ్ రావాలి అని ఆయన మొదలుపెడితే మేమంతా తలలూపేవాళ్ళం. నేను కొంచెం ఎక్కువే ఊపేవాణ్ణి. సరిగ్గా ఆ ఏడే, ప్లాట్లు వేసి అమ్మే ఒకాయన జట్టుకి ప్రెసిడెంటయ్యాడు. ఆయనకీ కొత్త కోచే కావాలి. కానీ ఆ మాట అభిమానుల నోటి నుంచి రావాలి.

అందుకోసం కల్యాణ మండపంలో మీటింగు పెట్టాడు. బావగారు కొత్త సీజను ఆటగాళ్ళ లిస్టు జేబులో పెట్టుకుని వచ్చి ముందు వరసలో చివరన కూర్చున్నారు. ప్రెసిడెంటు నావైపు చూసి, పెద్దవారు, పైగా బంధువులు, మీరే చెప్పాలండీ అన్నాడు. నేను లేచాను.

“బావగారంటే మనందరికీ గౌరవమేనండీ. కానీ కాలం మారింది. ఆయన్నిక విశ్రాంతి తీసుకోనిద్దాం.”

చప్పట్లు మోగాయి. దాచడమెందుకు, ఆ చప్పట్లు నాకు తియ్యగానే ఉన్నాయి. వెంటనే ఆయనకి శాలువా కప్పారు. ఆ శాలువా మా కొట్లోదే, ముందురోజు నేనే ఎంచి తెచ్చి ప్రెసిడెంటు చేతికిచ్చాను. బావగారు దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టి, లిస్టు తీసి బల్ల మీద ఉంచారు.

“గోలీ భుజం ఇంకా కుదురుకోలేదండీ. దీపావళి దాకా అతన్ని ఆడించకండి.”

అంతే అని, మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయారు.

మొదటి కోచ్ హైదరాబాదు నుంచి వచ్చాడు. చేతిలో పలకలాంటి కంప్యూటరు, దాన్నిండా బాణం గుర్తులు. మోకాలి లోతు బురదలో మెరుపుదాడులు చెయ్యమన్నాడు. టీకొట్టంతా ఈసారి కప్పు మనదే అంది. నాలుగో మ్యాచిలో గోలీ గాల్లోకి ఎగిరి పడ్డాడు, భుజం ఊడింది. మర్నాడు సాయంత్రం గార్డు గారు టీ ఊదుకుంటూ, “కోచ్‌తో పాటు ఆ గోలీని కూడా మార్చాలండీ, వాడివల్లే ఓడాం” అన్నారు. పక్కవాళ్ళు అవునన్నారు. ఆ మనిషి ఇక బస్తా ఎత్తలేడన్న మాట ఒక్కరి నోటా రాలేదు. గ్లాసు బల్ల మీద పెట్టేశాను. అందరి మొహాల్లోనూ నా మొహమే కనిపించింది. మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు.

రెండో కోచ్ ప్రెసిడెంటు బావమరిది. మూడో ఆయన వాస్తు చూసి గోలుపోస్టుల దిక్కు మార్పించాడు. ప్రతివాణ్ణీ అదే నోళ్ళు ఆకాశానికెత్తి, నెల తిరక్కుండా నేను ముందే చెప్పానన్నాయి. మరుసటి ఏడు ప్రెసిడెంటుకి మోజు తీరింది. జట్టు లీగులో పేరే ఇవ్వలేదు. గోలీని బెజవాడ తీసుకెళ్ళి భుజానికి ఆపరేషను చేయించింది, తర్వాత ఒక గోడౌను దగ్గర కాపలా పని చూపించింది బావగారేనని అక్కయ్య చెబితే తెలిసింది.

అప్పటికి బావగారు పామర్రులో హైస్కూలు ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నారు. ఒక సాయంత్రం వెళ్ళి, గ్రౌండు గట్టున ఆయన పక్కన కూర్చున్నాను.

“బావగారూ, ఆ రోజు నేనలా మాట్లాడకుండా ఉండాల్సింది.”

ఆయన గ్రౌండు మీద నుంచి చూపు తిప్పలేదు.

“మాట్లాడితే మాట్లాడావులేవోయ్. ముందురోజు మధ్యాహ్నం మా ఇంట్లోనే భోంచేశావు కదా, అప్పుడు నాతో ఓ మాట అనాల్సింది.”

ఈలోగా బంతి గీత దాటింది, ఆయన విజిల్ ఊదుతూ లేచి వెళ్ళారు. ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తూనే ఉంటాను. ఆయన ఆప్యాయంగానే పలకరిస్తారు, ఆ మాట మళ్ళీ ఎత్తరు. మండపంలో నేను నిలబడి మాట్లాడింది మహా అయితే రెండు నిమిషాలు. ఐదేళ్ళయినా ఆ రెండు నిమిషాలు నాకింకా పూర్తికాలేదు.