అవని ఇంటర్వ్యూలో అసలు జరిగింది

అవనికి ఒక సంఖ్యలో అంకెలు విడగొట్టడం కూడా చేతకాలేదని, సిగ్గుపడి ఇండియా వెళ్ళిపోయిందని ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో మనవాళ్ళు చెప్పుకుంటున్నారు. రెండూ అబద్ధమే. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ఉద్యోగాలు ఇప్పించే ఆ కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో పిల్లలకి వండిపెట్టేది నేనే కదా.

నర్సంపేట పిల్ల. ఎం.ఎస్. అయింది గానీ ఉద్యోగం దొరకలేదు. వీసా గడువు దగ్గరపడుతోంది. ఈలోపు ఏదీ కుదరకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఇంగ్లీషులో ఎవరైనా గుచ్చి అడిగితే నాలుక మడతపడిపోయేది పాపం. ల్యాప్‌టాప్ ముందు కూర్చుందంటే మాత్రం పప్పన్నం చల్లారిపోయినా పట్టేది కాదు.

"దాన్నే పెళ్ళి చేసుకోవే" అనేదాన్ని.

"చేసుకుంటా తియ్ ఆంటీ, అదైతే నన్ను ఇంటర్వ్యూ చెయ్యదు" అనేది.

కన్సల్టెన్సీ ఆయనది ఒకటే పాట: "నీకు పని వచ్చు, నోరు రాదు." అందుకని ఇంటర్వ్యూకి అవని వెనకాల, తన దగ్గర పనిచేసే సాన్విని పెట్టాడు. పక్కగదిలో కూర్చుని మాట్లాడేదీ, కోడ్ కొట్టేదీ సాన్వి. వీడియోలో పెదాలు కదిపేది అవని. ఇక్కడ ఇది మామూలే, తెలియనట్టు మొహాలు పెట్టకండి. నన్నేమో "మిక్సీ వెయ్యకండి ఆంటీ" అన్నారు. చట్నీ మానేసి గుమ్మంలో నిలబడ్డాను.

ఇంటర్వ్యూ చేసే ఆయన అడిగింది చిన్నదేనట, తర్వాత అవనే నాకు విడమర్చి చెప్పింది. నాలుగు పాయింట్ మూడు ఐదు ఇచ్చి, రెబ్బ నుంచి కరివేపాకు దూసినట్టు అంకెలు విడివిడిగా తియ్యమన్నాడు. సాన్వి దాన్ని వందతో గుణించి, చుక్క తర్వాత ఉన్నది కొట్టేసి, పదితో భాగిస్తూ ఒక్కో అంకే తీసింది. నాలుగు, మూడు, నాలుగు వచ్చాయి.

"ఐదు ఏమైంది?" అన్నాడు అవతలాయన.

సాన్వి మళ్ళీ రన్ చేసింది. మళ్ళీ నాలుగే. ఇంకోసారీ అదే కొట్టింది.

జవాబు తెలిసిన పిల్ల నోరు కట్టేస్తే ఎలా ఉంటుందో అప్పుడు అవని మొహంలో చూశాను. ఉండబట్టలేక తనే మొదలెట్టింది. కంప్యూటర్ ఆ సంఖ్యని ఉన్నదున్నట్టు దాచుకోలేదట. వందతో గుణిస్తే నాలుగొందల ముప్ఫై ఐదుకి వెంట్రుకవాసి తక్కువొస్తుందట, కొసరు కొట్టేసేసరికి ఐదు కాస్తా నాలుగైపోయిందట. గుణించడం మానేసి, సంఖ్యని రాసిన అక్షరాల్లాగా చూసి, చుక్కని వదిలేసి ఒక్కోటీ తీసుకోవాలంది. తడబడుతూనే చెప్పింది, కానీ మొత్తం చెప్పింది.

ఆయన "కరెక్టే. మరి ఇందాకటి నుంచి మాట్లాడింది ఎవరు?" అన్నాడు.

"నేను కాదు సర్" అంది. కాల్ కట్.

సాన్వి ఏడుస్తూ వచ్చింది. "నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయేదే?"

"మూసుకునే కూసున్న గదక్కా, ఇన్ని రోజులు."

సాయంత్రానికల్లా కన్సల్టెన్సీ ఆయన అవని పెట్టె బయట పెట్టించాడు. నేర్పింది ఆయనే, నీతులు చెప్పిందీ ఆయనే.

పిల్ల ఎక్కడికీ వెళ్ళలేదు. హైవే అవతల ఫ్రెండ్ అపార్ట్‌మెంట్‌లో ఉంది. గడువు ఇంకా ఉంది గానీ అప్లై చెయ్యడం మానేసింది. "నా పేరు పాడైంది ఆంటీ, ఇగ ఎవరు పిలుస్తరు?" అంది. అదే ఆఖరు, మళ్ళీ ఫోనెత్తలేదు. ఫ్రెండ్‌ని అడిగితే, తలుపేసుకుని పడుకుంటోంది, పిలిచినా పలకట్లేదంటోంది.

నాకు డ్రైవింగ్ రాదు. కార్లున్నవాళ్ళు ఎవరైనా అడ్రస్ నన్నడిగి ఒకసారి వెళ్ళండి. ఉద్యోగం సంగతి ఎత్తకండి. తిన్నావా అమ్మా అని అడగండి. తలుపు తీసేదాకా మాత్రం వెనక్కి రాకండి.