రెండో గేరు, కార్తీక సోమవారం

నేను ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు చిన్నది. చిన్నది కావడం వల్లనే దించాలన్న ఆలోచన రాకుండా మోయగలిగాను. తప్పు చేసినవాడికి నిద్ర పట్టదంటారు. నాకు చక్కగా పట్టింది. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది అదే. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కరలేదు. విషయం మాత్రం వరుసగా చెబుతాను. వరుస తప్పడం నాకు గిట్టదు.

నా ఉద్యోగమంతా కంచన్‌బాగ్‌లో, లోహాల నాణ్యతను పరీక్షించే పనిలో గడిచింది. కృష్ణా తీరం నుంచి వచ్చి మొఘల్‌పురాలో స్థిరపడ్డాము. మా ఇంట్లో చెప్పుల జతకు సైతం నిర్ణీత స్థానం ఉంది. నా భార్య పార్వతి యాభై దాటాక, ఒక వేసవిలో, కారు నేర్చుకుంటానన్నది. నేర్చుకున్నది కూడా. ఎందుకో దాచలేదు: కార్తీక సోమవారాలు తెల్లవారకముందే స్నేహితురాళ్ళను ఎక్కించుకొని, ఎవరినీ బతిమాలకుండా, తానే గుడికి తీసుకువెళ్ళాలి. ఆమె కోరిక అంతే. మా ఇరుకు సందుల్లో ఆటోలకూ మేకలకూ దారి ఇస్తూ వేసవంతా ఒడుపుగా నడిపింది.

అదే వేసవిలో నేనొక పని చేశాను. గేరుపెట్టెలో నూనె మార్చాను. కారుతో వచ్చిన పుస్తకం పలుచని నూనె పోయమన్నది. పలుచని నూనె మీద నాకు నమ్మకం లేదు. భారీ యంత్రాల మధ్య బతికినవాణ్ణి. నూనె ఎంత చిక్కగా ఉంటే లోహానికి అంత రక్షణ అని నా సిద్ధాంతం. చిక్కనిదే తెచ్చి పోశాను. ఎండల పుణ్యమా అని నా సిద్ధాంతం కొన్నాళ్ళు నిలిచింది.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం నేను పక్క సీట్లో కూర్చున్నాను, పర్యవేక్షణకు. వెనక యాదమ్మ, మరో ఇద్దరు. యాదమ్మది గౌలిపురలో పాలు పోసే కుటుంబం. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. అందరి ఒళ్ళో కొబ్బరికాయలు, ఉసిరికాయ దీపాలు. పార్వతి మొదటి గేరు నుంచి రెండో గేరుకు మార్చగానే లోపల గర్రుమంది.

"ఏందక్కా, బండి పండ్లు కొరుకుతుంది? సారు మీద కోపమా ఏంది?" అన్నది యాదమ్మ.

వెనక ఒకటే నవ్వులు. పార్వతి మళ్ళీ మార్చింది. మళ్ళీ గర్రు.

"ఏమండీ, నేను క్లచ్ పూర్తిగానే తొక్కుతున్నాను."

"తొక్కడం లేదు. నీ ఎడమకాలికి పని తెలియలేదు."

"నిజంగా నా కాలేనా?"

"యంత్రం అబద్ధమాడదు, పార్వతీ."

చాంద్రాయణగుట్ట దగ్గరపడే దాకా అదే తంతు. అక్కడ ఆమె బండిని పక్కకు ఆపి, దిగి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. నేను నడిపాను. రెండో గేరు వెన్నలా పడింది. చూశావా అన్నట్టు ఆమె వైపు చూశాను. అప్పటికి నా మాటను నేనూ నమ్మాను. ఇది నా సంజాయిషీ కాదు. తరువాత జరిగినదానికి సంజాయిషీ లేదు.

మర్నాడు ఉదయం చలిలో నేనొక్కణ్ణే బండి తీశాను. రెండో గేరుకు మార్చాను. గర్రు. నా కాలే, నా చెయ్యే. వెంటనే పరీక్షకు దిగాను. ఆ పని ఒకటే నాకు వచ్చు. ఇంజను ఆపి అన్ని గేర్లూ వేసి చూశాను, సాఫీగా పడ్డాయి. కనుక గేరు మీట నిర్దోషి. ఇంజను నడుస్తుండగా క్లచ్ తొక్కి, కాసేపు ఆగి వెనక్కి నడిపే గేరు వేశాను, చప్పుడు లేదు. కనుక క్లచ్ నిర్దోషి. చాలా దూరం తిరిగి బండి బాగా వేడెక్కాక చూస్తే రోగమే లేదు. నిన్న నా చేతిలో వెన్నలా పడింది అందుకే. చలిలో ఉండి వేడికి పోయే దోషం ఇక ఒక్కటే. వేరువేరు వేగాలతో తిరిగే పళ్ళచక్రాలను కలిపే ముందు లోపల ఒక ఇత్తడి ఉంగరం ఒరుసుకొని వాటి వేగాన్ని సమం చేస్తుంది. నూనె నెయ్యిలా చిక్కబడితే ఆ ఉంగరానికి పట్టు దొరకదు. మన కార్తీకపు కొద్దిపాటి చలే నా నూనెకు చాలింది. లోహాలతో బతికినవాడికి ఇత్తడి సంగతి ఒకరు చెప్పాలా?

ఆ వారమే ఎవరికీ చెప్పకుండా నూనె మార్చాను. పుస్తకం చెప్పినదే పోశాను. మరుసటి సోమవారం నేను నడిపితే మొదటి నుంచీ చప్పుడు లేదు.

"సారు చెయ్యి పడితే బండి మస్తు మాట వింటుంది!" అన్నది యాదమ్మ. చప్పట్లు కొట్టారు. నేను తల పంకించాను.

ఎందుకు చెప్పలేదు? పరువు కోసమని చాలాకాలం అనుకున్నాను. అది సగమే. మిగతా సగం రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ కారులో నాకు సంతోషంగా ఉండేది. నా జీవితంలో ఎవరూ నా ఎదుట గట్టిగా నవ్వలేదు. కార్యాలయంలో నేను వస్తే మాటలు ఆగిపోయేవి. ఆ ఆడవాళ్ళు ఆపేవారు కారు. పాడేవారు, ఒకరి కోడలిని మరొకరు అనుకరించేవారు, నా మీసాల మీద పందేలు కాసేవారు. నేను ముందు చూపు చెదరనీయకుండా, మొహం బిగించుకొని, లోపల పొంగిపోతూ నడిపేవాణ్ణి. ఏటేటా కార్తీకం కోసం ఎదురుచూశాను. నిజం చెబితే ఆ సీటు పార్వతిది అవుతుంది. నాకు పిలుపు ఉండదు. మరి పార్వతి సంతోషం? దాని మీదే కదా నేను కూర్చున్నది?

ఆమె దాన్ని ఛలోక్తి చేసుకున్నది. "నా ఎడమకాలికి బుద్ధి లేదని మావారు పరీక్షించి తేల్చారు" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఈ ఏడు మొదటి సోమవారం మా వీధికి కొత్తగా వచ్చిన సుగుణ కూడా కారెక్కింది. డ్రైవింగ్ స్కూల్లో చేరబోతున్నానన్నది. పార్వతి తన ఛలోక్తి చెప్పింది. సుగుణ నవ్వలేదు. "నీకే రాలేదంటే నాకేం వస్తుందక్కా, మానేస్తా" అన్నది. నా అబద్ధం ఇంకో కాలిని వెతుక్కున్నది.

బండి ఇంకా మా వీధి నుంచి కదలలేదు. ఇంజను ఆపాను. "దోషం నీ కాలిది కాదు, పార్వతీ. నేను పోసిన నూనెది" అన్నాను.

పార్వతి నా వైపు తిరిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆ మర్నాడే."

"దిగండి" అన్నది పార్వతి.

దిగాను. సుగుణ ముందు సీట్లోకి మారింది. వెనక యాదమ్మ జరిగి నాకు చోటిచ్చి, కొబ్బరికాయల బుట్ట నా ఒళ్ళో పెట్టింది. పార్వతి సీటు ముందుకు జరుపుకొని, అద్దం తన ఎత్తుకు దించుకున్నది. ఇన్నేళ్ళ తరువాత కదా, బండి రెండుసార్లు ఆగిపోయింది.

"ఫికర్ చెయ్యకక్కా, తోసుడు పడితే వెనక సారు ఉన్నడు" అన్నది యాదమ్మ. సుగుణ పగలబడి నవ్వింది. నూనె సంగతే పార్వతికి చెప్పగలిగాను. ఆ నవ్వుల కోసం దాచానన్న మాట చెప్పలేకపోయాను. అందుకే ముందు, ఎవరో తెలియని మీకు రాశాను. ఇక ఈ కాగితం ఆమె చేతికే ఇస్తాను.

క్షమించానని ఆమె అనలేదు. అద్దంలో నన్ను చూడనూ లేదు, దారి చూసుకున్నది. చలి గట్టిగానే ఉంది. బండి కదిలింది. ఆమె ఎడమకాలు దిగింది, చెయ్యి కదిలింది. రెండో గేరు చప్పుడు లేకుండా పడింది. వెనక అందరూ కేకలు వేశారు. బుట్ట జారకుండా పట్టుకొని నేనూ వేశాను.