రెప్ప ఎత్తి చూసిన రోజు

"తలుపు దగ్గరికెయ్" అన్నారు మా ఆయన, గోడవైపు తిరిగి. బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చాక కాసేపు గుమ్మంలో ఎండకు కూర్చోనిదే అన్నం ముట్టని మనిషి వెలుతురు వద్దన్నారు.

మొన్న మా చిన్నవాడు కళ్లు నలుపుకుంటూ బడి నుంచి వచ్చేసరికి, వాడింకా పాలు తాగుతున్న నాటి గోదావరిఖని క్వార్టరు, ఆ మధ్యాహ్నం మళ్లీ కళ్ల ముందు నిలిచాయి.

కంట్లో బొగ్గు నలుసంటే మా కాలనీలో ఎవరూ కంగారుపడేవారు కాదు. రెండు రోజుల ముందే, కంట్లో నలుసు పడగానే, ఆయన వీధి చివరి దవాఖానకు వెళ్లి, అంత పొడుగు వరుస చకచకా కదిలిందనీ, కిటికీలోంచే చుక్కల మందు ఇచ్చేశారనీ మెచ్చుకున్నారు కూడా. జల్దీగా అయితే మంచి వైద్యమని మా అందరి లెక్క.

మంట తగ్గలేదు. అత్తమ్మ చిన్న గిన్నె తెచ్చి, "పాలిచ్చే తల్లివి, రెండు చుక్కలు పిండు. కన్ను సల్లవడ్తది" అంది. పక్కింటి అక్క ఊరుకుంటుందా? "కొడుకొక్కడే అనుకుంటివి, గిప్పుడు ఇద్దరైరి పో!" అని నవ్వింది.

పాలు వేయడానికని తలుపు కాస్త తెరిచి, ఆయన ఎడమకంటి రెప్ప ఎత్తాను. నల్లగుడ్డు మీద నూక గింజంత తెల్లటి మచ్చ. బాగున్న కన్ను నా చేత్తో మూసి క్యాలెండరు చూపిస్తే, అంకెలు కాదు, అసలు క్యాలెండరే కనబడటం లేదన్నారు. గిన్నె కింద పెట్టేశాను. దవాఖానలో ఇలా ఎవరైనా చూశారా అంటే, "గంతమంది ఉంటె ఎవలు సూస్తరే?" అన్నారు, వాళ్ల తరఫున తానే సంజాయిషీ చెబుతున్నట్టు.

మా పెద్దపిల్లను అత్తమ్మకు అప్పగించి, చంటివాడిని చంకనేసుకుని మంచిర్యాల బస్సెక్కాం. తువ్వాల కప్పుకున్న ఆయనకు గోదావరి వచ్చిందని నేను చెబితే గానీ తెలియలేదు. నేను చేతిలో పెట్టిన రూపాయిని కిటికీలోంచి విసిరి, తువ్వాల కిందే దండం పెట్టుకున్నారు.

అక్కడి కంటి డాక్టరమ్మ ముందు ఒక్కో కన్నూ మూయించి చదివించింది, తర్వాత దీపం వెలుగులో చూసి నలుసు తీసింది. పుండు పడిందంది. చూపొస్తదా అని అడిగితే, "మందేసిన గని, బాగుజేసిన్నని ఇప్పుడే అనను. పుండు మానినంక మళ్ల సదివిస్త. అప్పుడు తెలుస్తది" అంది.

చూపు చాలావరకు వచ్చింది, అంతా రాలేదు. ఇప్పుడు ఊళ్లో అద్దాల తలుపుల దవాఖానలు వచ్చాయి, వరుసలు ఇంకా త్వరగా కదులుతున్నాయి. ఆ కంటికి వెలుతురు పడక, గుమ్మంలో ఎండకు కూర్చునే మనిషి మాత్రం మాకు మళ్లీ దొరకలేదు.

మంచిర్యాల నుంచి వచ్చిన మరునాటి పొద్దున నల్లద్దాలు పెట్టుకున్న నాన్న దగ్గరికి వెళ్లడానికి జంకుతున్న పెద్దదాని చేతుల్లో చంటివాడిని పెట్టి చెప్పాను:

"తమ్ముణ్ని ఎత్తుకొని నాయిన కుడికన్ను పక్కకెల్లి పో బిడ్డా. నాయిన మిమ్మల్ని సూసెదాక ఆడ్నే నిలవడు."