మా మేనత్త చూసిన హ్యాపీ అవర్

మా మేనత్త నోట్లో నిప్పు పెట్టుకుని యాభై ఏళ్లు బతికింది. నేను సాధారణంగా ఏదైనా కొంచెం సాగదీసి చెప్పే మనిషినే గానీ, ఈ నిప్పు సంగతిలో సాగదీయడానికేం లేదు. మా వైపు ఆడవాళ్లు చుట్ట ముట్టించి, కాలే కొసని నోటి లోపలికి పెట్టుకుంటారు. దాన్ని అడ్డపొగ అంటారు. రాజాం పక్కన అత్త పొలంలో ఊడ్పుల వేళ జడివాన పడితే మగవాళ్ల చుట్టలన్నీ చల్లారిపోయేవి. అత్తది ఆరేది కాదు. నిప్పు లోపలుంటే వానకెలా తెలుస్తుంది? ఆ నిప్పుతోనే పాట అందుకునేది, కూలీల్ని కేకలేసేది, మధ్యలో నాకో మొట్టికాయ కూడా వేసేది. ఆవిడ తిట్టు తిట్టుకీ నోట్లోంచి నిప్పురవ్వలు రాలి పక్క ఊరి గడ్డివాములు అంటుకునేవని నేను బళ్లో చెప్పుకున్నాను. మాస్టారు కూడా నమ్మారు.

ఆ నోటికి రుచి చెప్పడంలో కూడా పేరుండేది. పెళ్లి భోజనాల్లో వంటవాళ్లు అత్త వస్తోందంటే గాడిపొయ్యి వెనక దాక్కునేవారు. విస్తట్లో పులుసు పడగానే వాసన చూసి, "ఉప్పు మీ బాబు సొమ్మేటి, అలగ కుమ్మరించీసేవు?" అనేది. నాలిక మీద ఒక్క చుక్క వేసుకుని, చేప నాగావళిదో వంశధారదో చెప్పేదని కూడా నేనే ప్రచారం చేశాను. ఎవరైనా నిజమా అని అడిగితే ఆవిడ కాదనేది కాదు.

పోయినేడు ఆ నోట్లోనే, పైన అంగిట్లో పుండు లేచింది. మావయ్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. అందుకని నేనే విశాఖపట్నం తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో చూపించాను. డాక్టరు మంచివాడు. దాచకుండా చెప్పాడు. అంగిలిలో కొంత భాగం కోసెయ్యాలి, ఆ ఖాళీలో ప్లేటు అమరుస్తారు. ఆలస్యం చేస్తే జబ్బు మెడలోకి దిగుతుంది, దిగాక కత్తి పట్టుకున్నా లాభం ఉండకపోవచ్చు. అత్త అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"రుసి తెలస్తాదా బాబూ?"

"కొంత తగ్గుతుందమ్మా. కొందరికి పూర్తిగా పోతుంది."

అత్త కొంగు బిగించి లేచి నిలబడింది. "అయితే నాకొద్దు. రుసి నేని బతుకేటి బతుకు" అని గది దాటి వెళ్లిపోయింది. డాక్టరు నా వైపు చూసి, "ఎక్కువ రోజులు పెట్టుకోకండి" అన్నాడు.

తిరుగు రైల్లో విశాఖ నుంచి బతిమాలడం మొదలుపెట్టాను. విజయనగరం వచ్చేసరికి నా గొంతు రాసుకుపోయింది. చీపురుపల్లి దాటేసరికి పెట్టెలో సగం మంది నా తరపున వకాల్తా పుచ్చుకున్నారు. పల్లీలమ్మేవాడు బుట్ట దించి మరీ, "కోయించీసుకో మామ్మా, మా పిన్నికి కూడా కోసేరు" అన్నాడు. "మీ పిన్ని ఇప్పుడేటి తింటంది?" అని అడిగింది అత్త. వాడు బుట్ట ఎత్తుకుని పక్క పెట్టెలోకి పోయాడు.

ఆమదాలవలసలో దిగి, ఆటోలో నేనుండే శ్రీకాకుళం చేరాం. మెయిన్ రోడ్డు మీద ఒక బార్ అండ్ రెస్టారెంటు ముందు ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. ఎదురుగా పెళ్లిపందిరంత బోర్డు, దాని చుట్టూ మిణుకు మిణుకుమనే దీపాలు.

"అదేటి రాసేరు?" అంది అత్త. ఆవిడకి చదువు రాదు.

"హ్యాపీ అవర్స్ అత్తా. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా సంతోషం. ఒకటి కొంటే ఇంకోటి ఉత్తినే ఇస్తారు."

"ఏడు దాటితే?"

"ఏడుపే."

అత్త నవ్వలేదు. బోర్డునే చూస్తూ కూచుంది. తరవాత, "అక్కడ మనూళ్లో దొరకని తిండి ఉంటాదా?" అని అడిగింది.

"మన జిల్లాలోనే దొరకనివి ఉంటాయి."

"అయితే దింపు. నానెప్పుడూ తిననివి ఓ పాలి తినీసి, అప్పుడు సెప్తాను నీ ఆపరేషను సంగతి."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. చివరిసారి కడుపునిండా రుచులు చూసి ఒప్పుకుంటుందన్నమాట అనుకున్నాను. ఆ మేడమెట్లు సింహాచలం మెట్లకి సగం ఉంటాయి. ఆవిడని పైకి చేర్చేసరికి ఎదురుగా రెండు తలుపులు. ఎడమవైపు బార్, కుడివైపు ఫ్యామిలీ సెక్షన్. లోపల ఏసీ నా మీసం మీద మంచు కురిపించింది. చీకటి ఎంతగా ఉందంటే, పక్క టేబుల్లో ఉన్నది మొగుడూ పెళ్లాలో సోఫా దిండ్లో గంట దాకా తేలలేదు. మా దగ్గరికొచ్చిన సర్వరుకి నా వయసే ఉంటుంది, మీసం మాత్రం నాకంటే గట్టిది. నాకు బీరు చెప్పాను. అత్తకి నీలంరంగు మాక్‌టెయిల్, ఇంకా అపోలో ఫిష్, చికెన్ లాలీపాప్, క్రిస్పీ కార్న్, పల్లీ మసాలా. అన్నీ ఒకటికి ఒకటి ఉచితం కాబట్టి, టేబులు మీద ఒక కూలీ బృందానికి సరిపడా తిండి రాబోతోంది.

అది వచ్చేలోగా సర్వరు ముక్కు ఎగబీలుస్తూ మళ్లీ వచ్చాడు.

"సార్, ఏదో కాలిన వాసన వస్తంది."

నేనూ పీల్చాను. వాసన నాకు తెలిసిందే. అత్త వైపు చూశాను. బాత్రూముకి వెళ్లొస్తానన్న మనిషి అక్కడ ముట్టించి, నోరు మూసుకుని, పెదాల మధ్య గోరంత పుల్లలాంటిది మాత్రం కనిపించేలా బుద్ధిగా కూచుంది. పొగ లేదు, నిప్పు కనబడదు. గోడమీద పొగ తాగరాదన్న బోర్డు కింద ఇంత నిష్కళంకంగా చుట్ట తాగిన మనిషిని ఆ హోటలు పుట్టాక చూసి ఉండదు.

"ఏసీలో వైరు కాల్తందేమో సూడు నాయినా" అంది అత్త, పెదాలు కదలకుండా.

సర్వరు కుర్చీ ఎక్కి ఏసీ వాసన చూశాడు. టేబులు కింద దూరాడు. పక్క టేబుల్లో దిండ్లలా ఉన్న జంటని కూడా లేపి సోఫా తడిమాడు. నేను బీరు గ్లాసులో మొహం పెట్టి నవ్వు ఆపుకున్నాను. వాడు వెళ్లిపోయాక అత్త చుట్టని టిష్యూ కాగితంలోకి ఉమ్మింది. దాంతోపాటు బూడిద, బూడిదలో ఎర్రగా తడి. కాగితం మడిచి కొంగులో కట్టుకుంది.

ప్లేట్లు వచ్చాయి. లాలీపాప్‌కి వాడిన కోడి ఉపవాసాలు చేసి చచ్చిపోయినదానిలా ఉంది. చేపముక్క సబ్బుబిళ్లలా జారుతోంది. అత్త ఒక్కొక్కటీ చిన్నగా తుంచి, పుండుకి తగలకుండా పక్కదవడన పెట్టుకుని, దేవుడి ప్రసాదంలా నెమ్మదిగా నమిలింది. ఏ మాటా అనలేదు. ప్రతి ముద్దకీ ముందు నన్నే తినమంది.

"ఎలగుంది?"

"మసాలా ఎక్కువైంది అత్తా."

సర్వరు వచ్చినప్పుడు, "సేపలో మసాలా ఎక్కువేసేవు బాబూ" అంది.

లాలీపాప్ నూనె ఓడుతోందన్నాను. "కోడి నూనె కక్కేస్తంది, సూసుకో" అని వాడికి చెప్పింది. వాడు చేతులు కట్టుకుని విన్నాడు. మా అత్త నోరు మళ్లీ పాత రోజుల్లో పడిందని నాకు సంబరమేసింది. నాలో కొంటెతనం పుట్టడానికి సంబరం ఒక్కటి చాలు. పల్లీ మసాలా నోట్లో వేసుకున్నాను. ఆ ఉప్పుకి బంగాళాఖాతం సిగ్గుతో తలొంచుకోవాలి. మొహం మామూలుగా పెట్టుకుని, "ఇందులో ఉప్పే లేదు అత్తా" అన్నాను. ఆవిడ ఒక గుప్పెడు తీసుకుని నమిలి, నన్ను తిట్టడం చూడాలని.

అత్త గుప్పెడు తీసుకుంది. నమిలింది. మింగింది. సర్వరుని పిలిచింది.

"పల్లీల్లో ఉప్పేసుకోడం మరిసిపోనావు బాబూ."

సర్వరు ప్లేటు వైపు, ఆవిడ వైపు, నా వైపు చూశాడు. "అలాగేనమ్మా" అని వెళ్లిపోయాడు. నేను గ్లాసు కింద పెట్టాను. నా మొహం ఆ చీకట్లో కూడా అత్తకి కనబడినట్టుంది.

"ఉప్పుందా?" అంది.

"ఉంది."

"బాగుందా, ఎక్కువుందా?"

"చాలా ఎక్కువుంది."

పక్క జంట బిల్లు అడుగుతున్నారు.

"ఎప్పటినుంచి అత్తా?"

"తెల్దురా. పెసలు కోసినప్పటికే పోయినట్టుంది. ఇంట్లో వండినప్పుడు తెల్లేదు. ఉప్పెంతెయ్యాలో సెయ్యికి తెలుసు గదా, నాలిక్కేటి పని. నోట్లో ఎట్టుకుంటే, ఎరిగిన కూడు గదా, రుసున్నట్టే ఉండేది." నీలంరంగు గ్లాసుని అటూ ఇటూ తిప్పింది. "డాట్టర్ని అడిగినప్పుడు అనుమానమొచ్చింది. ఎప్పుడూ తినని తిండైతే తెలస్తాదేమో సూద్దారనుకున్నాను. అందుకే ఇక్కడ దిగేను. సేపయినా, కోడయినా, అంతా బూడిదేరా."

ఏదైనా అనాలి. లాలీపాప్ మీదో, ఏసీ మీదో, సర్వరు మీసం మీదో ఒక మాట. పల్లీల ప్లేటు ఆవిడ ముందునుంచి తీసి పక్కన పెట్టాను.

"ఇంక దాసుకోడానికేటుంది?" అంది అత్త. "కోసీమను."

సర్వరు ఉచితం గ్లాసు తెచ్చి పెట్టాడు. అత్త అది కూడా తాగింది. "సల్లగుంది. ఇదొక్కటే తెలస్తంది" అంది. మిగిలినవన్నీ కట్టించి ఇంటికి తీసుకెళ్లాం. మా ఇంట్లో కూడా ఎవరూ తినలేదు.

తరవాతి వారమే ఆపరేషను చేశారు. నన్ను డాక్టరు తన గదిలోకి పిలిచి, తలుపు మూసి, మెడ పక్కన కూడా దిగిందని చెప్పాడు. అంగిలిలోది తీసేశాం, మెడలో దానికి మందులు, రేడియేషన్ కరెంటు పెట్టాలి, చూద్దాం అన్నాడు. ఎంత ఉందని అడిగితే స్కాన్ ఫిల్ము లైటు మీద పెట్టి చూపించాడు. దాని పరిమాణం నేను పెంచాల్సిన అవసరం లేకపోయింది.

వార్డులోకొచ్చేసరికి అత్త మెలకువగా ఉంది. మొహమంతా కట్టు, ముక్కులోంచి గొట్టం, మాట లేదు. నన్ను చూడగానే చెయ్యెత్తి తన మెడ పక్కన ముట్టుకుని, చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి తెచ్చి చూపించింది. ఎంతుందని అడుగుతోంది. నా మొహం నేను లోపలికి రాకముందే చెప్పేసినట్టుంది.

నా జీవితంలో మొదటిసారి ఒక విషయాన్ని తగ్గించి చెప్పాను. రెండు వేళ్ల మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు పెట్టి చూపించాను.

"ఇంతే అత్తా. మందులకే పోతుందట."

అత్త నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నా వేళ్లు రెండూ పట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా వాటిని ఎడంగా జరపడం మొదలుపెట్టింది. ఎక్కడ ఆపుతానో అని చూస్తోంది. నేను ఆపలేదు.